తడి చెత్త బకెట్ల విషయమై విన్నపం

కాలనీ సభ్యులందరికీ నమస్కారం. మన తడి చెత్త వేసే బయోగ్యాస్ తొట్టి నుంచి వచ్చే మంట నాలుగు రోజులుగా సన్నగిల్లడానికి కారణం వెతకగా, తిరుచానూరు రోడ్డులో జరిగిన పెళ్లి భోజనం తాలూకు నిమ్మచెక్కలు, పులిసిన పెరుగన్నం ఒకేసారి అందులో పడినట్లు తేలింది. గాలి చొరని ఆ తొట్టిలో కొన్ని సూక్ష్మజీవులు ఆహారాన్ని త్వరత్వరగా ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాల నుంచి మండే వాయువైన మీథేన్ తయారుచేసే జీవులు నెమ్మదిగా పెరుగుతాయి కనుక, పులుపు మితిమీరితే పని మానేస్తాయి. అందువల్ల ఈ వారం తొట్టిలో వేసే చెత్త తగ్గించి, పేడనీళ్లు పోస్తున్నాము. అరటి ఆకులను సన్నగా తుంచి వేయగలరు. కొబ్బరి చిప్పలు, ఎముకలు వద్దు. నిన్న బకెట్లో ఒక స్టీలు గరిటె కూడా దొరికింది, ఎవరిదో వారు వచ్చి తీసుకోవచ్చు. నత్రజని, భాస్వరం, పొటాష్ స్లర్రీలోనే (గ్యాస్ పోగా తొట్టిలో మిగిలే చిక్కటి ద్రవంలోనే) మిగులుతాయి కాబట్టి, నీళ్లు కలిపి మొక్కలకు పోసుకోదలచినవారు ఆదివారం ఉదయం డబ్బాలు తెచ్చుకోగలరు.