జోగిపేట పోరగాళ్లను పోచంపల్లికి తోలుకురండి

సంపాదకునికి నమస్కారం.

‘జాతిరత్నాలు’ 2021 మార్చి 11న, శివరాత్రి నాడు విడుదలైంది. ఎన్నిసార్లు చూసినా మాకు విసుగు రాని సినిమా అది. దానికి రెండో భాగం రావాలని మా కోరిక. ఊరికే కోరిక చెప్పడం కాకుండా, ఎట్లా తీస్తే నిలబడుతుందో కూడా రాస్తున్నాం.

మొదటి భాగం బలమంతా ఆ ముగ్గురు జోగిపేట పోరగాళ్ల అమాయకత్వంలో ఉంది. శ్రీకాంత్, శేఖర్, రవి ఎవరినీ నవ్వించాలని చూడరు, అడిగినదానికి తమకు తోచిన జవాబు నిజాయితీగా చెబుతారు. కోర్టు సీను చూడండి. జడ్జిగా బ్రహ్మానందం, వకీలుగా శ్రీకాంత్ ప్రేమించిన చిట్టి, బోనులో వీళ్లు. ఎవరి పని వాళ్లు సీరియస్‌గా చేసుకుపోతుంటే నవ్వు మనకు వస్తుంది. ఒకడు మాట్లాడేటప్పుడు పక్కనున్న ఇద్దరి మొహాలు కూడా కనపడాలి. మాటమాటకూ క్లోజప్ వేసి, వెనక ‘టంగ్’మని చప్పుడు పెడితే ఆ నవ్వు అక్కడే చచ్చిపోతుంది. హిట్టయిన సినిమాల రెండో భాగంలో ఎక్కువగా జరిగేది ఇదే. పాత డైలాగులే మళ్లీ చెప్పిస్తారు, హీరోకు తెలివీ ఫైట్లూ వచ్చేస్తాయి. శ్రీకాంత్‌కు తెలివి వస్తే ఇక సినిమా లేనట్టే.

‘మనీ’ 1993లో, ‘మనీ మనీ’ 1995లో వచ్చాయి. 2011లో మూడోది వచ్చేసరికి బ్రహ్మానందం వేసిన ఖాన్‌దాదా మీద మనకున్న ప్రేమే మిగిలింది. ‘డీజే టిల్లు’ రెండో భాగం ‘టిల్లు స్క్వేర్’కు దర్శకుడు మారినా, రాతలో హీరో సిద్ధు జొన్నలగడ్డ ఉన్నాడు కాబట్టి టిల్లు నోరు మారలేదు. ‘మత్తు వదలరా’ రెండు భాగాలకూ రితేష్ రానాయే దర్శకుడు. అందుకే జాతిరత్నాలకు కలం మొదటి భాగం రాసి తీసిన అనుదీప్ చేతిలోనే ఉండాలి.

ఇక కథ. శ్రీకాంత్ సిగ్గుపడి వదిలిపోయిన వాళ్ల నాన్న లేడీస్ ఎంపోరియంలోనే రెండో భాగం మొదలుపెట్టవచ్చు. లగ్గాల సీజన్‌కు సరుకు కావాలి, ముగ్గురూ చీరల కోసం మా పాత నల్లగొండ జిల్లా పోచంపల్లికి బయలుదేరతారు. అక్కడ నూలును మేకులకు చుట్టి ఆసు పోసి, గీసిన డిజైన్ ప్రకారం రబ్బరు ముక్కలతో ముడులు కడతారు. ముడి ఉన్నచోట రంగు అంటదు. ముంచి, ఆరబెట్టి, ముడి విప్పి, ఇంకో రంగుకు మళ్లీ కడతారు. నేతకు ముందే నూలుకు రంగు పడుతుంది కనుక చీరకు రెండువైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, దాని అంచులు కొంచెం చెదిరినట్టు కనబడతాయి. ప్రింటు చీరలో గీతలు కోసినట్టు ఉంటాయి, వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. తేడా తెలియక వీళ్లు మధ్యలో ఏ దళారి దగ్గరో బండెడు ప్రింటు చీరలు కొంటే చాలు, కథ దానంతటదే నడుస్తుంది. పైగా చెదిరిన అంచు చూసి అసలు చీరనే డ్యామేజీ పీసని వాపసు ఇచ్చేది కూడా వీళ్లే!

భాష విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. మామూలు భాషలో రాసి ‘ఏంటి’ని ‘ఏంది’గా, ‘అలా’ను ‘గట్ల’గా మారిస్తే తెలంగాణ మాట అయిపోదు. ‘వచ్చాడు’ కాస్తా ‘వచ్చిండు’ కావాలి, ‘చెప్పాను’ అనేది ‘చెప్పిన’ కావాలి, ‘వెళ్దాం’ అన్నచోట ‘పోదాం’ అనాలి. క్రియ మారకుండా పైపైన మాటలు మారిస్తే మాకు వెంటనే తెలిసిపోతుంది. అందరికీ ఒకే యాస పెట్టడం కూడా తప్పే. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం కలుస్తుంది, అలంపూర్‌లో కర్నూలు పలుకు వినబడుతుంది, కోదాడ దాటితే పాత కృష్ణా జిల్లా గాలి తగులుతుంది. జోగిపేట మాటకు ఇవన్నీ ఎదురుపడితే అపార్థాలకు కొదవ ఉండదు. చిన్న పాత్రలకు ఆయా ఊళ్ల నాటక కళాకారులను తీసుకొని, వాళ్ల గొంతులతోనే డబ్బింగ్ చెప్పించాలి.

చివరికి కేసు మళ్లీ అదే జడ్జి ముందుకు రావాలి, చిట్టే వాదించాలి. చీర తిరగేసి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే కేసు అది. ఆ ముగ్గురి సాక్ష్యం తేలడానికి మాత్రం అరగంట పట్టాలి.

ఇట్లు,
నల్లగొండ నుంచి కొందరు ప్రేక్షకులు