వెండి పొన్ను పైపులు కొన్నవాళ్ళకు

నమస్కారం. ఈ ఏడాది మన షాపులో అమ్మిన పాత పీటర్సన్ (ఐర్లండ్ కంపెనీ) పొగతాగే పైపుల్లో మూడింటికి 'వెండి పొన్ను' అని చీటీ కట్టాను. పొన్ను అంటే నోట్లో పెట్టుకునే కాడ దూరేచోట చుట్టూ ఉండే లోహపు పట్టీ. అవి వెండివి కావు, నికెల్‌వి. పొరపాటు పూర్తిగా నాదే.

అదే లాట్‌లో మిగిలిన నాలుగో పైపును పోయినవారం తుడుస్తున్నాను. పొన్ను మీద మూడు చిన్న ముద్రలు. ఇన్నాళ్ళూ హాల్‌మార్కే కదా అనుకున్నవే. ఈసారి భూతద్దం పెట్టి చూశాను. మూడాకుల గడ్డి, వేటకుక్క, గుండ్రటి బురుజు. ఐర్లండ్ గుర్తులే గానీ వెండి ముద్రలు కావు. కంపెనీ నికెల్ పొన్నుల మీద వేసుకున్న గుర్తులవి. డబ్లిన్‌లో వెండిని పరీక్షించి వేసే ముద్రలు వేరు: కిరీటం ఉన్న హార్ప్ (తంత్రీ వాద్యం), కూర్చున్న స్త్రీ, ఏడాదిని తెలిపే అక్షరం. ఆ అక్షరంతోనే పైపు వయసు పట్టుకుంటారు, అందుకే సేకరించేవాళ్ళకు అదంటే ప్రాణం. జర్మన్ సిల్వర్ కుందులు తెచ్చి వెండివని అంటగడితే మా ఇంట్లో ఊరుకుంటారా? మీరు మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

ఒక్కోదానికి 2,500 రూపాయలు వెనక్కి ఇస్తాను. పైపే వద్దనుకుంటే మొత్తం డబ్బు ఇచ్చేస్తాను. వాడారా లేదా అని అడగను.

పొన్ను సంగతి వదిలేస్తే పైపులు మంచివే. 1890లో పేటెంట్ అయిన సిస్టమ్ రకం, తడి అంతా లోపలి చిన్న గుంటలో చేరుతుంది. రబ్బరు కాడను మాత్రం కిటికీ పక్కన పెట్టకండి, ఎండకు నలుపు పోయి పచ్చగా తిరుగుతుంది.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్ళు రాగానే వెండి పొన్నే అడుగుతున్నారు. అంత తొందర వద్దండీ. అమెరికాలోని మిస్సోరీలో 1869 నుంచి చేస్తున్న మొక్కజొన్న బెండు పైపు ఒకటి తీసుకుని కొన్ని నెలలు వాడండి. మీ చేతికి ఏ వంపు నప్పుతుందో తెలిశాక బ్రయర్ కర్రతో చేసిన పైపు చూద్దాం. నాకు బేరం తగ్గినా ఫర్వాలేదు.

ముగ్గురిలో ఇద్దరికి ఫోన్ చేశాను. మూడో ఆయన పెద్దాయన, నగదు ఇచ్చి తీసుకెళ్ళారు, నంబరు రాసుకోలేదు. వాళ్ళ నాన్నగారి పైపు పక్కన పెట్టుకోవడానికని చెప్పారు. వంపు కాడ, పొగాకు దట్టించే బౌల్ అంచున చిన్న కాలిన మచ్చ ఉన్న పైపు అది. ఆయన మీకు తెలిసినవాళ్ళైతే ఈ మాట చేరవేయండి. రావడం కష్టమైతే నేనే ఇంటికి వచ్చి డబ్బు ఇస్తాను.