ఆ వేదిక మీద కోరుట్ల మనిషికి కూడా ఒక కుర్చీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెలలో మన రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ, ఆసియా వ్యవహారాల మీద రెండు రోజుల సదస్సు జరిగింది. అతిథులు దీపం వెలిగిస్తున్న ఫోటో పత్రికల్లో వచ్చింది. ఆ ఫోటోలో కనిపించని సంగతి ఒకటి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను: పరాయి దేశాల్లో పని చేసి వచ్చిన మనవాళ్లకు అలాంటి వేదికల మీద చోటు లేదు.

నేను జగిత్యాల జిల్లాలో ఇంటర్ పిల్లలకు 31 ఏళ్లు సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేస్తోంది. "మేడమ్, గల్ఫ్ మీద ఒక సెషన్ ఉంది, మీరూ రండి" అని ఫోన్ చేసింది. తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లాను. రిజిస్ట్రేషన్ డబ్బు కట్టి, ఫైలు, పెన్ను, మెడలో వేసుకునే కార్డు తీసుకుని, వెనక నుంచి నాలుగో వరుసలో ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాను.

పది గంటలకని ఆహ్వాన పత్రికలో ఉంది. మొదలయ్యేసరికి పదకొండూ పది. వేదిక మీద ఏడుగురు. ఒక్కొక్కరి పరిచయం, శాలువా, పూలగుత్తి, మెమెంటో, ఫోటో. కీలకోపన్యాసం మొదలయ్యేటప్పటికి పన్నెండు దాటింది. ముందు వరుసల్లోని పిల్లలు అప్పటికే భోజనం టోకెన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేను.

వచ్చిన వక్తలను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. వాళ్లలో ఒక మాజీ దౌత్యాధికారి 1990 నాటి కువైట్ గురించి చెప్పారు. ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, సుమారు 1,70,000 మంది మనవాళ్లను అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చిన కథ. 59 రోజులు, ఎయిరిండియా విమానాలు 488 సార్లు తిరిగాయి. కువైట్ నుంచి జోర్డాన్ దాకా ఎడారిలో బస్సుల్లో జనం ఎలా వచ్చారో, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయినవాళ్లకు కాగితాలు ఎలా తయారుచేశారో ఆయన చెబుతుంటే హాలులో ఒక్క ఫోను కూడా మోగలేదు. ఆ రోజు మొత్తంలో పిల్లలు నోట్సు రాసుకున్నది ఆ పాతిక నిమిషాలే. కాగితం చూడకుండా, మనుషుల గురించి చెప్పారు కాబట్టి రాసుకున్నారు.

మధ్యాహ్నం మేము ఎదురుచూసిన సెషన్ వచ్చింది: పశ్చిమాసియాతో భారత సంబంధాలు. ముడి చమురు, ఇరాన్‌లోని చాబహార్ రేవు, 2023లో ఢిల్లీ జీ-20 సమావేశాల్లో ప్రకటించిన భారత్ - మధ్యప్రాచ్యం - యూరప్ కారిడార్, పెట్టుబడులు. అన్నీ అవసరమైన విషయాలే. గంటంపావు సేపు ముగ్గురు మాట్లాడారు. ఆ దేశాల్లో పనిచేసే మనవాళ్ల ప్రస్తావన ఒకే ఒక్క స్లైడులో వచ్చింది, అదీ వాళ్లు పంపే డబ్బు లెక్కగా.

ప్రశ్నలకు పది నిమిషాలే మిగిలాయని, రెండు ప్రశ్నలు మాత్రమే తీసుకుంటామని సెషన్ అధ్యక్షులు చెప్పారు. నా పక్కన ఉన్న అమ్మాయి లేచి నిలబడింది. తెలుగులో అడిగింది. "సార్, మా నాన్న సౌదీలో లేబర్ క్యాంపులో చనిపోయిండు. శవం ఇంటికి రావడానికి 71 రోజులు పట్టింది. రెండు దేశాల మధ్య మంచి స్నేహం ఉందని చెప్పారు కదా, ఆ స్నేహంలో ఈ పని కోసం ఏదన్నా ఒప్పందం ఉందా?"

ఇంగ్లిషులో అడగమన్నారు. తడబడుతూ అడిగింది. అది కాన్సులర్ (విదేశాల్లోని మన పౌరులకు ఎంబసీ చేసే సాయం) విషయం, ఈ రోజు అంశం విదేశాంగ విధానం కాబట్టి దాని పరిధిలోకి రాదు అని ఒక వక్త జవాబిచ్చి, తరువాతి ప్రశ్న తీసుకున్నారు. ఆయన కోపంగా అనలేదు, నిజంగానే అలా అనుకుని చెప్పారు. నాకు ఎక్కువ బాధ అనిపించింది అందుకే. ఆ అమ్మాయి కూర్చుని, టీ విరామం దాకా మెడలోని కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది.

నేను ఆ ఇంటికి ఆ 71 రోజుల్లో చాలాసార్లు వెళ్లాను. అందుకే అది విదేశాంగ విధానం కాదన్న మాట నాకు మింగుడు పడటం లేదు. శవం రావాలంటే అక్కడి ఆసుపత్రి మరణ ధ్రువీకరణ కావాలి, పోలీసు కాగితం కావాలి, కంపెనీ నుంచి బాకీల లెక్క తేలాలి, మన ఎంబసీ పాస్‌పోర్టు రద్దు చేసి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. ఇక్కడ భార్య పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పంపాలి. ఆమెకు సంతకం రాదు, వేలిముద్ర వేసింది. ఆ కాగితం ఒకసారి తిప్పి పంపారు, పేరులో ఒక అక్షరం పాస్‌పోర్టుతో కలవలేదని. ఎంబసీల్లో ఇలాంటి పేదల కోసమే 2009 నుంచి భారతీయ సామాజిక సంక్షేమ నిధి ఉందని, ఫిర్యాదులకు 'మదద్' పోర్టల్ ఉందని, ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి అవసరమైనది) మీద గల్ఫ్ పనికి వెళ్లే ప్రతి మనిషికీ ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ సగం అప్పుడే తెలిసింది. 31 ఏళ్లు సివిక్స్ చెప్పాను, ఇందులో ఒక్క ముక్క మా పుస్తకంలో లేదు.

2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస వేతనాన్ని కేంద్రం తగ్గించింది, కొన్ని దేశాలకు నెలకు 200 డాలర్ల దాకా. కరోనా కాలంలో ఉద్యోగాలు పోకుండా కాపాడటానికని కారణం చెప్పారు. మా జిల్లాల నుంచి గోల లేచింది, హైకోర్టుకు వెళ్లారు, మరుసటి ఏడాది ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. ఒక దేశం తన మనిషి శ్రమకు మరో దేశంలో ఎంత ధర కట్టాలో నిర్ణయించడం విదేశాంగ విధానం కాకపోతే ఇంకేమిటి?

సిరిసిల్ల జిల్లా నుంచి దుబాయి వెళ్లిన కొందరి సంగతి చూడండి. ఒక నేపాలీ కాపలాదారు మరణించిన కేసులో దుబాయి జైలులో పడి, 18 ఏళ్ల తర్వాత 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. వాళ్ల విడుదల కోసం ఇక్కడి నుంచి నేపాల్ వెళ్లి, మృతుడి కుటుంబాన్ని కలిసి, క్షమాభిక్ష పత్రం తీసుకుని, దాన్ని దుబాయి కోర్టుకు చేర్చాల్సి వచ్చింది. ఒక్క ఫైలులో మూడు దేశాలు, మూడు చట్టాలు. ఆసియా వ్యవహారాలు చదివే విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? ఆ కేసు నడిపిన వకీలునో, ఆ కుటుంబాల్లో ఒకరినో ఒక్క గంట పిలిస్తే చాలు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. రిటైరయ్యే ముందు ఏడాది మా కాలేజీలో ఇలాగే చేశాను. మా జిల్లాలోని కోరుట్ల నుంచి ఒకాయనను పిలిచాను. సౌదీలో 21 ఏళ్లు షట్టరింగ్ కార్పెంటరు పని చేసి వచ్చారు. చదివింది ఏడో తరగతి. "నేనేం చెప్తా మేడమ్, అక్కడ సార్లు ఉంటరు" అని రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి వచ్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. సంచిలో తన పాత అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు) కార్డు, మూడు జీతం చీటీలు, రెండు అగ్రిమెంట్లు తెచ్చారు. ఒకటి ఇక్కడ ఏజెంటు ఆఫీసులో సంతకం పెట్టింది, ఇంకొకటి అక్కడ దిగాక అరబ్బీలో పెట్టించుకున్నది. రెండింట్లో జీతం వేరు. పిల్లలకు అరబ్బీ అంకెలు బోర్డు మీద రాసి చూపించి, "ఇప్పుడు మీరే చదవండి, ఎంత పోయిందో" అన్నారు. వాళ్లే తీసివేత చేశారు.

కఫీల్ (వీసాకు జామీను ఉండే అక్కడి యజమాని) అంటే ఏమిటో, ఆజాద్ వీసా (ఒక కఫీల్ పేరు మీద తీసుకుని వేరే చోట పని వెతుక్కునేది) కొనుక్కున్నవాడికి పేరులో మాత్రమే స్వేచ్ఛ ఎందుకుంటుందో, ఒక మనిషి ఎలా కల్లివెల్లి (కఫీల్‌ను వదిలి, సరైన కాగితాలు లేకుండా బతికేవాడు) అయిపోతాడో చెప్పారు. "మరి ఎంబసీకి పోవచ్చు కదా తాతా" అని ఒక పిల్లవాడు అడిగాడు. "ఎంబసీ రియాద్‌ల ఉంటది. మా క్యాంపు నుంచి 400 కిలోమీటర్లు. అకామా కఫీల్ దగ్గర ఉంది. అది లేకుండ రోడ్డెక్కితే నడుమలనే పట్టుకుంటరు." క్లాసు పీరియడ్ 45 నిమిషాలు. రెండు గంటలైనా ఎవరూ లేవలేదు. సార్వభౌమాధికారం అంటే ఒక దేశపు చట్టం ఎక్కడ ఆగిపోతుందో, ఇంకొక దేశపు చట్టం ఎక్కడ మొదలవుతుందో నేను ఏటా నిర్వచనం చెప్పి పరీక్షలో రాయించేదాన్ని. ఆ రోజు వాళ్లకు అర్థమైంది.

ఇది గల్ఫ్ ఒక్కదానితో అయిపోయేది కాదు. శ్రీకాకుళం, చుట్టుపక్కల జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి పడవల్లో కూలి చేస్తూ 2018 చివర్లో పాకిస్థాన్‌కు పట్టుబడ్డారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. నీళ్లలో సరిహద్దు గీత ఎలా ఉంటుందో వాళ్లకంటే బాగా చెప్పగలవాళ్లు ఎవరు? డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అందులో చిక్కుకుని బయటపడ్డ పిల్లలు ఎం.ఏ. చదివే పిల్లల వయసువాళ్లే. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. ఆ రోజు వేదిక మీద ఏడుగురిలో ఆడవాళ్లు ఒక్కరు కూడా లేరు. ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

మనవాళ్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. 1947 మార్చి 23 నుంచి ఏప్రిల్ 2 దాకా ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా దేశాల సదస్సు జరిగింది. దేశానికి స్వాతంత్ర్యం ఇంకా రాలేదు. అధ్యక్షత వహించింది హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు. ఆ సదస్సు చర్చించిన అంశాల్లో జాతి వివక్ష, ఆసియా దేశాల మధ్య వలసలు, కార్మికుల సమస్యలు, స్త్రీల స్థితి ఉన్నాయి. భారతీయుల వలస గురించి బర్మా, మలయా ప్రతినిధులు తమ భయాలు అక్కడ దాచుకోలేదు. కాకినాడ నుంచి, విశాఖ నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లిన మనవాళ్లు 1942లో అడవుల గుండా నడిచి తిరిగొచ్చి అప్పటికి అయిదేళ్లే. ముగింపు రోజున గాంధీ మాట్లాడుతూ, మీరు చూసిన పెద్ద నగరాలు భారతదేశం కాదు, అది పల్లెల్లో ఉంది అని ఆ విదేశీ ప్రతినిధులకు చెప్పారు. వలస, శ్రమ, స్త్రీలు అప్పుడు ఆసియా వ్యవహారాలు. ఇప్పుడు ఎందుకు కాకుండా పోయాయి?

విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ సంబంధాల శాఖలను నేను కోరేవి పెద్ద పనులు కావు. ప్రతి సదస్సులోనూ ఆహ్వానిత వక్తల్లో ఒక్కరైనా ఆ దేశంలో పని చేసి వచ్చిన మనిషి ఉండాలి. ఆయన్ని చివర్లో "అనుభవాలు పంచుకోవడం" అని అయిదు నిమిషాలకు పిలవకండి, సెషన్‌లో మిగతావాళ్లతో సమానంగా పాతిక నిమిషాలు ఇవ్వండి. ప్రొఫెసర్లు, దౌత్యాధికారులు ఆ పక్కనే కూర్చుని, ఆయన చెప్పినదాని వెనక ఉన్న ఒప్పందాలు, చట్టాలు వివరిస్తే ఇద్దరి మాటకూ విలువ పెరుగుతుంది. తెలుగులో అడిగిన ప్రశ్నను తెలుగులోనే వినండి. బయటి నుంచి వచ్చిన అతిథికి అర్థం కాకపోతే పక్కన ఒక విద్యార్థిని కూర్చోబెట్టి అనువాదం చేయించండి, ఆ విద్యార్థికి కూడా అది చదువే. శాలువాలకు పట్టిన సమయంలో సగం ప్రశ్నలకు ఇచ్చినా ఆ రోజు ఇంకో ఆరుగురు అడిగేవాళ్లు. చేతులెత్తినవాళ్లను నేను వెనక నుంచి లెక్కపెట్టాను.

ఆ అమ్మాయి చదువు ఆపలేదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల శవాలు ఇంటికి రావడానికి పట్టే రోజుల మీదే తన ఎం.ఏ. ప్రాజెక్టు చేస్తానని గైడ్‌ను అడిగింది. ఒప్పుకున్నారట. ఇప్పటికి మా చుట్టుపక్కల పదకొండు ఇళ్లకు వెళ్లి కాగితాలు చూసి, ఒక్కో ఇంట్లో ఏ సంతకం దగ్గర ఎన్నాళ్లు ఆగిందో రాసుకుంటోంది. వచ్చే సదస్సుకు అది పంపుతుంది. వెనక్కి పంపకుండా చదవమని ఆ నిర్వాహకులకు నా మనవి.

కోరుట్ల ఆయనను కూడా అడిగాను. ఈసారి వద్దనలేదు. ఆహ్వానం ఆయన పేరు మీద, తెలుగులో పంపండి. బస్సులో నేనే వెంట తీసుకొస్తాను. రెండు రోజులు పని మానుకుంటే ఆయనకు కూలి పోతుంది కాబట్టి, గౌరవ వేతనం మాత్రం మిగతా అతిథులకు ఎంత ఇస్తారో ఆయనకూ అంతే ఇవ్వండి.

(ఆ అమ్మాయి కుటుంబం ఎవరో తెలియకూడదు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.)

ఇట్లు,
ఒక రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్,
జగిత్యాల జిల్లా