సరిహద్దు ఆడపిల్లలకి తెలుగులో సైన్సు చెప్పేవాళ్ళు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఆడపిల్లల ఇంజనీరింగ్ చదువుల మీద వచ్చిన వ్యాసం చదివానండి. అందులో బ్రిటన్ ఇంజనీరు కేట్ బెల్లింగ్‌హామ్ గురించి నాలుగు లైన్లు ఉన్నాయి, ఆవిడ ఫిజిక్స్ చదివి ఇంజనీరుగా పని చేసి 1990 నుంచి 1994 దాకా బీబీసీ టీవీలో టుమారోస్ వరల్డ్ అనే సైన్సు ప్రోగ్రాం చేశారని, అమ్మాయిల్ని ఈ చదువుల్లోకి రమ్మని చెప్తూ వచ్చారని. ఆ నాలుగు లైన్లే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను, ఎందుకంటే నేను బతికింది కూడా ఇంచుమించు ఆ పనిలోనే, కాకపోతే ఆవిడది దేశమంతా చూసే టీవీ, నాది నెలకి రెండుసార్లు వచ్చే పది నిమిషాల రేడియో.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అటు ఆంధ్ర. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చేసింది, ఇళ్ళల్లో మాట మాత్రం తెలుగే. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి 1986లో ఒక రేడియో స్టేషన్లో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరాను, ట్రాన్స్‌మిటర్ డ్యూటీ. ఆడపిల్లవి, స్టూడియోలో కూర్చోక ఈ మిషన్ల దగ్గర నీకేం పనమ్మా అన్నవాళ్ళే ఎక్కువ. నాకు ఆ మిషన్లే కావాలి. తర్వాత్తర్వాత సైన్సు ప్రోగ్రాం చెప్పమంటే అదీ చెప్పాను, స్క్రిప్టులో పుస్తకం తెలుగు రాయమన్నారు, నేను ఒప్పుకోలేదు. అనునాదం అని ఒక్కసారి చెప్పి వదిలేసి, ఉయ్యాల సరిగ్గా వెనక్కొచ్చిన టైముకి తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది చూడండి, రేడియో ముల్లు తిప్పి స్టేషన్ పట్టుకోవడం కూడా అలాంటిదే, సర్క్యూట్ ఊపూ వచ్చే అల ఊపూ కలిసినప్పుడే గొంతు వినిపిస్తుంది అని చెప్పాను. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది, ఆయన సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూడా తయారు చేశారు, మరి ఆ ఊరిదాన్ని నేను పిల్లలకి అర్థం కాని తెలుగులో ఎలా మాట్లాడతాను.

ప్రోగ్రాం కొన్నేళ్ళకి ఆపేశారు, వినేవాళ్ళు లేరన్నారు. ఉత్తరాలు మాత్రం సంచి నిండా నా దగ్గరే ఉన్నాయి, సగం పైన ఆడపిల్లలు రాసినవే. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రిటైరయ్యాక పాత ట్రాన్సిస్టర్ ఒకటి మూత తీసి పట్టుకుని బడులకి వెళ్తున్నాను. లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దానికి చుట్టిన సన్న రాగితీగ, మీడియం వేవ్‌కి అదే ఏరియల్. వైజాగు స్టేషన్ పెట్టి రేడియోని బల్ల మీదే మెల్లగా తిప్పమంటాను. కడ్డీ కొస స్టేషన్ వైపు ఉన్నప్పుడు గొంతు సన్నబడిపోతుంది, అడ్డంగా ఉంటే గట్టిగా వస్తుంది. మూడేళ్ళ కిందట తొమ్మిదో క్లాసు పిల్ల ఒకత్తి ఆ రేడియోని పూర్తిగా ఒక చుట్టు తిప్పి, "అమ్మా, ఇటు తిప్పినా సన్నంగైపోనాది, అటు తిప్పినా సన్నంగైపోనాది, మరి వైజాగు ఏపక్కున్నాదో ఎలా తెలుస్తాది?" అని అడిగింది. చూశారా, నిజమైన ఇంజనీరు అడగాల్సిన ప్రశ్న అది! ఒక్క చోట నించుంటే తెలీదమ్మా, ఇంకో ఊరెళ్ళి అక్కడా తిప్పి చూసి, గొంతు సన్నబడినప్పుడు కడ్డీ ఏ దిక్కున ఉందో ఆ దిక్కునే రెండు ఊళ్ళ నుంచీ మ్యాపు మీద గీతలు గీస్తే అవి కలిసిన చోటే స్టేషన్ అని చెప్పాను. ఆ పిల్ల వాళ్ళ నాన్నతో పాతపట్నం దాటి టెక్కలి వెళ్ళినప్పుడు రేడియో పట్టుకెళ్ళిందట.

పదో క్లాసు అయ్యాక ఆ పిల్ల చదువు మానిపిస్తామంటే వాళ్ళింటికి వెళ్ళాను. అయ్యల సోమయాజుల లలిత గారి సంగతి చెప్పాను, మద్రాసులో తెలుగింట్లో 1919లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకే, చేతిలో నాలుగు నెలల పాప ఉండగా భర్త పోయి, ఆ తర్వాత గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1943లో డిగ్రీ తీసుకున్నారు, సర్టిఫికెట్‌లో అతను అన్న మాట కొట్టేసి ఆమె అని రాయాల్సొచ్చింది, తర్వాత భాక్రా నంగల్ డ్యామ్ కరెంటు లైన్ల డిజైన్లో పనిచేశారు. వాళ్ళ నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఈ సంగతి మాకెవులూ చెప్పనేదు తల్లీ" అన్నాడు చివరికి. పిల్ల ఇప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం.

ఆ చెప్పేవాళ్ళే మాకు లేరండీ. 1991లో దూరదర్శన్‌లో సైంటిస్టు యశ్‌పాల్ గారు జనం ప్రశ్నలకి జవాబులు చెప్తుంటే పిల్లలు ఇష్టంగా చూసేవాళ్ళు, కానీ అది తెలుగులో కాదు కదా. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఈ మూడిట్లో పడి సైన్సు మీద భయం పట్టుకుంటోంది, మగపిల్లల్ని ఎలాగోలా ట్యూషన్‌కి పంపిస్తారు, ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకులే అంటారు. గుణుపురం, రాయగడ, జయపురంలో కూడా తెలుగు ఇళ్ళల్లో ఇదే మాట విన్నాను.

రేడియోవాళ్ళకి విడిగా రాస్తున్నాను. మీ పేపర్లో వారానికి అర కాలమ్ ఇవ్వండి, ఇక్కడి పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటి, దానికి పనిలో ఉన్న ఆడ ఇంజనీరో ల్యాబ్ టెక్నీషియనో మామూలు తెలుగులో చెప్పే జవాబు. నేను రాస్తాను, ఇంకా రాసేవాళ్ళని వెతికి పెడతాను, డబ్బులేమీ అక్కర్లేదు. ముందుగా ఆ పిల్ల అడిగిన ప్రశ్నా, రెండు గీతలు గీసిన మ్యాపూ ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను, వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రేడియో ఇంజనీరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా