డైట్ మొదలుపెట్టే రోజే షుగర్ మాత్రల సంగతి తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో బరువు తగ్గడం మీద వచ్చిన వ్యాసం చదివాను. నెలకు 2 కిలోలకు మించి తగ్గకూడదు, త్వరగా తగ్గితే అంతా తిరిగొచ్చేస్తుంది అని రాశారు. అదే పేజీ కింద నెలలో 10 కిలోలు తగ్గిస్తామని ఒక ప్రకటన ఉంది. రెండూ చదివిన మనిషి ఏది నమ్మాలి? నేను తెనాలిలో ఒక ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తాను. డాక్టర్‌ని కాను, కానీ డైట్లు చేసేవాళ్ల రిపోర్టులు రోజూ చూస్తుంటాను కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను.

ముందు వ్యాసం సంగతి. నెమ్మదిగా తగ్గితేనే నిలుస్తుందని అందరం వింటూ వచ్చాం గానీ, పరీక్ష పెట్టి చూస్తే అలా తేలలేదు. 2014లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో సుమారు 200 మందిని రెండుగా విడదీసి, సగం మందికి 12 వారాల్లో, మిగతావాళ్లకు 36 వారాల్లో బరువు తగ్గించే ప్రయత్నం చేశారు. అనుకున్నంత తగ్గినవాళ్లని ఆ తర్వాత మూడేళ్లకు దగ్గరగా గమనిస్తే, రెండు గుంపుల్లోనూ తగ్గిన బరువులో 71 శాతం దాకా తిరిగొచ్చింది. అంటే తిరిగి పెరగడానికి కారణం వేగం కాదు, డైట్ అయిపోయాక ఏం తింటున్నాం, ఎవరు పట్టించుకుంటున్నారు అన్నది.

షుగర్ విషయంలోనైతే వేగంగా తగ్గడం మేలు చేసిన సందర్భాలు ఉన్నాయి. 2011లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ రాయ్ టేలర్ బృందం టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి రోజుకు 600 కేలరీల ఆహారం ఇస్తే, వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది, ఎందుకంటే ఆ వారంలోనే లివర్‌లో పేరుకున్న కొవ్వు 30 శాతం తగ్గి, రాత్రంతా రక్తంలోకి షుగర్ వదిలే లివర్ దారికి వచ్చింది. ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ కోలుకోవడానికి మాత్రం ఎనిమిది వారాలు పట్టింది. తర్వాత స్కాట్లాండ్, టైన్‌సైడ్‌లలో 298 మందితో ‘డైరెక్ట్’ అనే పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి మూడు నుంచి అయిదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాది తర్వాత వాళ్లలో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులో ఉంది, 15 కిలోలో అంతకంటే ఎక్కువో తగ్గినవాళ్లలో అయితే 86 శాతం మందికి.

ఈ అంకెలు మన దగ్గర డైట్ సెంటర్ల వాళ్లూ చెబుతున్నారు. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పరీక్షలో డైట్ మొదలైన రోజే షుగర్ మాత్రలూ బీపీ మాత్రలూ వైద్య సిబ్బందే ఆపించారు. పైగా షుగర్ వచ్చి ఆరేళ్లు దాటినవాళ్లని, ఇన్సులిన్ వాడేవాళ్లని అసలు తీసుకోలేదు.

మన దగ్గర ఏం జరుగుతోంది? పొద్దున్నే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా నిమ్మరసం మీద ఉంటున్నారు. ఆ మాత్ర మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది, ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ మరీ పడిపోతుంది. మొన్న ఒకామె డైట్‌కి ముందు పరీక్షలు చేయించమన్నారని వచ్చి చెమటలు పట్టి బెంచీ మీదే ఒరిగిపోయారు, షుగర్ చూస్తే 48. మాత్ర సంగతి ఎవరూ అడగలేదట. డపాగ్లిఫ్లోజిన్ అనే మరో షుగర్ మాత్ర వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మానేసేవాళ్లకి మరో ప్రమాదం ఉంది. షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. వాంతులు, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకండి. అలాగని మాత్రలు ఎవరికి వాళ్లు ఆపేయడం ఇంకా తప్పు. ఏది ఆపాలో, ఏది సగం చేయాలో మందు రాసిన డాక్టరే చెప్పాలి.

వారానికి కిలోన్నరకు మించి తగ్గేవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ. యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు వాచిపోయినవాళ్లనీ చూశాను.

ఇంకో మాట, మన ఒళ్లు వేరు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో ప్రచురించిన కొలతల్లో ఇద్దరికీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 22.3, కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం ఉంది. సన్నగా ఉండి పొట్ట మాత్రం ఉన్న మనవాళ్లు పప్పు, గుడ్డు, పెరుగు కూడా మానేసి, వ్యాయామం లేకుండా గబగబా ఆరు కిలోలు తగ్గితే అందులో కండ కూడా బాగా పోతుంది. తిన్నాక రక్తంలో చేరిన షుగర్‌ని ఎక్కువగా లాక్కునేది ఆ కండే. కాబట్టి కిలోలతో పాటు నడుము కొలత చూసుకోవాలి, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

మీ పత్రికకి నా విన్నపం ఇది. ఇకమీదట బరువు మీద వ్యాసం వేస్తే షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు డైట్‌కి ముందే డాక్టర్‌ని కలవాలని మొదటి పేరాలోనే రాయండి. చూసే డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ లేని ‘నెలలో 10 కిలోల’ ప్రకటనలు దయచేసి తీసుకోవద్దు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
తెనాలి