వోచరు అడుగున ఉన్న వాక్యం

సంపాదకుల వారికి నమస్కారాలు.

పుస్తకాలకు ముఖచిత్రాలు గీయడం నా వృత్తి. కాపీరైట్ అనగానే తోటి చిత్రకారులు, రచయితలు మొదట అడిగేది రిజిస్ట్రేషన్ గురించే. నిజానికి కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని 1908లో బెర్లిన్‌లో సవరించినప్పుడే, హక్కు దక్కడానికి ఇటువంటి లాంఛనాలేవీ అవసరం లేదని తేల్చారు. నేడు చాలా దేశాలు ఆ ఒప్పందంలో ఉన్నందువల్ల కథ కాగితం మీదికి రాగానే, బొమ్మ పూర్తికాగానే హక్కు పుడుతుంది. 'సర్వహక్కులు రచయితవి' అని అచ్చువేయకపోయినా దానికి లోటేమీ రాదు. వివాదం వస్తే రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా అక్కరకొస్తుంది, అంతవరకే. ఆలోచనకు మాత్రం రక్షణ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది.

హక్కు రావడం ఇంత సులువు గనుకనే, అది చేజారడం గురించి మనం పట్టించుకోము. ఒక కథల సంపుటికి బొమ్మ గీసి, పారితోషికం అందుకుని, ప్రచురణకర్త ఇచ్చిన వోచరు మీద సంతకం చేశాను. 'సమస్త హక్కులూ సంస్థకు బదలాయించడమైనది' అని దాని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని చదవలేదు. రెండేళ్ల తరువాత అదే బొమ్మ, నా సంతకమున్న కుడి మూలను కత్తిరించి మరీ, క్యాలెండర్ల మీదా నోటుపుస్తకాల అట్టల మీదా కనిపించింది. అసలు బొమ్మ ఇప్పటికీ నా బీరువాలోనే భద్రంగా ఉంది, హక్కు మాత్రం లేదు. బొమ్మను కొనుక్కుని గోడకు తగిలించుకున్నవారి సంగతి ఇందుకు సరిగ్గా తలకిందులు: వారి దగ్గర బొమ్మ ఉంటుంది, దాన్ని అచ్చువేసుకునే హక్కు ఉండదు.

ఆర్థిక హక్కులు వదులుకున్నా కర్తగా గుర్తింపు కోరే హక్కు మిగిలే ఉంటుందని అదే బెర్న్ ఒప్పందానికి 1928లో రోమ్‌లో చేర్చిన నిబంధన చెబుతోంది. ఆ ధైర్యంతోనే కత్తిరించిన మూల గురించి ఉత్తరం రాస్తే, తరువాతి క్యాలెండర్‌లో నా పేరు వేశారు, డబ్బు ఊసెత్తలేదు.

సంగీతకారులు మరింత జాగ్రత్తపడాలి. ఒకే పాటలో సాహిత్యానికి, బాణీకి, రికార్డింగుకు వేర్వేరు హక్కులుంటాయి, ఒక్క సంతకంతో అన్నీ పోవచ్చు.

ఇప్పుడు నేను వోచరులో ఆ వాక్యాన్ని కొట్టేసి, 'ఈ పుస్తకం ముఖచిత్రంగా, తొలి ముద్రణకు మాత్రమే' అని చేత్తో రాసి సంతకం పెడుతున్నాను. చాలామంది ఒప్పుకున్నారు, ఇద్దరు మాత్రం బొమ్మ వేరేవారి చేత గీయించుకున్నారు.

భవదీయుడు,
ఒక చిత్రకారుడు