నునుపు కాదు నాన్నా, గరుకే కావాలి

నాన్నా,

మొన్న వీడియో కాల్‌లో నా వెనకాల ఉన్న బల్ల చూసి "ఏ చెత్తకుప్పలో దొరికిందే అది?" అన్నావు. అమ్మ మాత్రం నీ చేతిలోంచి ఫోను లాక్కుని "దగ్గరికి తీసుకెళ్లి చూపించు" అంది. అక్కడితో నీ పని అయిపోయింది. ఇప్పుడు అటక మీదున్న పాత అద్దం ఫ్రేముకి కూడా నా బల్లకి వేసిన రంగే, సముద్రపు ఒడ్డున అరిగిపోయిన పాత పడవలా కనిపించేదే కావాలట, నువ్వే వెయ్యాలట, ఎలాగో నేను చెప్పాలట. ఫోన్లో చెబితే మధ్యలో "అలా ఎందుకు, ఇలా చెయ్యొచ్చు కదా" అని అడ్డం పడతావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. కాగితంతో వాదించలేవు.

కిటికీ రెక్కలకి రంగు వేసేటప్పుడు నువ్వు చేసే పని నాకు బాగా గుర్తు. లప్పం పెట్టడం, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దడం, కళ్లు మూసుకుని అరచేత్తో తడమడం, ఎక్కడో తగిలిందంటే మళ్లీ లప్పం. కుంచె వెంట్రుక ఒక్కటి అంటుకున్నా గోటితో తీసి ఆ రెక్క మొత్తం మళ్లీ వేసేవాడివి. నేను ఇప్పుడు రాయబోయేదంతా దానికి తలకిందులు. చదువుతూ ఉండగా కోపం వస్తే కాసేపు పక్కన పెట్టి మళ్లీ చదువు.

ఇక్కడ మా ఇంటి నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరం. ఒడ్డున ఎవరిదో పాత పడవ ఒకటి బోర్లించి ఉంటుంది. సాయంత్రాలు దాని పక్కన కూర్చోవడం నాకు అలవాటైంది. పైన తెలుపు, దాని కింద లేత నీలం, ఇంకా కింద ఎప్పటిదో ఆకుపచ్చ, ఆ కింద చెక్క. ఎండ తగిలి తగిలి రంగును పట్టి ఉంచే జిగురు విరిగిపోయింది, చెయ్యి వేస్తే సుద్దలా అంటుకుంటుంది. చెక్క తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంటే దానితో పాటు సాగలేక రంగు పగిలింది. ఆ పగుళ్లలోకి సముద్రపు తుంపర దిగుతుంది. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కదా, నీళ్లు ఆరిపోయాక ఆ ఉప్పు పలుకులు కట్టి, పొరను కింది నుంచి పైకి ఎత్తేస్తుంది. రంగు పూర్తిగా పోయిన చోట చెక్క బూడిద రంగుకు తిరిగింది. నేను మొదట మురికి అనుకున్నాను. కాదట. చెక్కలో నారను అతికించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఎండకు పాడై వానకు కొట్టుకుపోతే, మిగిలిన నార అలా కనిపిస్తుంది.

నాకు పనికొచ్చింది మాత్రం వేరే విషయం. ఆ పడవకి రంగు ఎక్కడపడితే అక్కడ పోలేదు. తాడు రాసుకునే అంచు దగ్గర చెక్క తేలింది. చెయ్యి పట్టుకుని ఎక్కే చోట నీలం బయటపడింది. రెండు పలకలు కలిసే మూలలో మాత్రం తెలుపు కొత్తగా వేసినట్టే ఉంది. నా మొదటి ప్రయత్నంలో నేను బల్ల మీద అక్కడో మచ్చ ఇక్కడో మచ్చ గీకేశాను, చూస్తే చర్మవ్యాధి వచ్చినట్టుంది. రంగు చెడగొట్టి మళ్లీ వేశాక, గుడ్డ పట్టుకుని తుడిచేటప్పుడు నా చెయ్యి ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకుని అక్కడే అరగదీశాను. అప్పుడు కుదిరింది.

ఇక పనిలోకి వస్తే, అమ్మ ఫ్రేము మీద వార్నిష్ తప్ప రంగు లేదంది. ఒకసారి నువ్వూ చూడు. కింద ఎప్పటిదో ఎనామిల్ ఉందంటే దాన్ని రుద్దకు, గీకకు. పాత రంగుల్లో సీసం కలిపేవారు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. ఆ పక్షంలో ఈ ఫ్రేము వదిలేసి వేరే చెక్క ఏదైనా తీసుకో. ఉన్నది వార్నిషే అయితే మెరుపు పోయేంత వరకు 120 నంబరు ఉప్పు కాగితంతో పైపైన రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు. లప్పం అక్కర్లేదు. గుంటలున్నా ఉండనీ.

ముందు అడుగు రంగు. మూడు రంగుల్లో ఇదే ముదురుగా ఉండాలి. నేను గోధుమ, బూడిద కలిపి వేశాను, నానిన చెక్కలా వచ్చింది. అంతా నీళ్లతో పలచబడే ఎమల్షనే వాడు, ఎనామిల్ వద్దు. అది ఆరాక అంచుల మీద, మూలల మీద, అరగాలనుకున్న చోటల్లా కొవ్వొత్తి ముక్కతో గట్టిగా గీతలు గియ్యి. మైనం ఉన్న చోట పై రంగు పట్టదు, తర్వాత కాగితం తగిలీ తగలగానే పొరగా ఊడి వస్తుంది. రంగు పట్టకపోవాలని చెక్కకు మైనం రాయడం నీకు పాపంలా అనిపిస్తుందని నాకు తెలుసు.

అసలు సంగతి రెండో రంగు. ఇదే ముద్దగా, గరుకుగా ఉండాలి. దీన్ని ఇంట్లోనే మూడు రకాలుగా చేసి చూశాను.

సులువైనది వంట సోడాతో. రెండు పాళ్లు ఎమల్షన్‌కి ఒక పాలు సోడాతో మొదలుపెట్టి, చెంచా చెంచాగా పెంచుకుంటూ పో. కుంచెతో ఎత్తితే జారకుండా, కొసలు నిలబడేలా ఉండాలి. సోడా అనగానే పొంగుతుందేమో అనుకున్నాను, అస్సలు పొంగలేదు. పొంగాలంటే పులుపు తగలాలి, ఎమల్షన్‌లో పులుపు ఉండదు, అది క్షారం వైపే ఉంటుంది. ఇది చిక్కబడుతుంది, అంతే. దీని లోపం ఒకటే, సోడా నీళ్లలో కరిగే వస్తువు. తడి తగిలే చోట ఇది నిలవదు, తెల్లటి పొడిలా పైకి తేలుతుంది. గోడకి వేలాడే అద్దం ఫ్రేముకి ఆ భయం లేదు కాబట్టి నీకు ఇదే చెబుతున్నాను.

రెండోది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మూడు పాళ్లు రంగు, ఒక పాలు ప్లాస్టర్, ఒక పాలు నీళ్లు. ముందు ప్లాస్టర్‌ని నీళ్లలో ఉండలు లేకుండా కలుపుకుని, ఆ తర్వాతే రంగులో పొయ్యాలి, తిరగేస్తే ఉండలు కడుతుంది. ఇది గట్టిగా, సున్నం గోడలా ఆరుతుంది. నాకు చూపుకి ఇదే ఎక్కువ నచ్చింది. కాకపోతే గడియారం చూసుకుంటూ పని చెయ్యాలి. జిప్సం రాయిని కాల్చి అందులో నీరు చాలావరకు పోగొడితే ఈ పొడి వస్తుంది, మళ్లీ నీరు తగిలితే తిరిగి రాయి అయిపోతుంది. పారిస్‌లో మోంమార్త్ర్ కొండ దగ్గర జిప్సం గనులుండేవి, ఆ పేరు అలా వచ్చిందే. చారిత్రక విషయం బాగానే ఉంది గానీ, మిగిలిన ముద్దని నేను సింకులో కడిగేశాను. పావుగంటలో అది గొట్టంలో తన పాత రాయి జన్మ ఎత్తింది. కింది వంపు విప్పి సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. డబ్బాలోనే గట్టిపడనిచ్చి చెత్తలో పడెయ్యి. ఈ సంగతి అమ్మకి చదివి వినిపించకు.

మూడోది ఇసుక. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే నువ్వు తప్పకుండా అడుగుతావు.

నాకు వచ్చిన తెలివైన ఆలోచన ఏమిటంటే, సముద్రం రంగు కావాలంటే సముద్రపు ఇసుకే కలపాలి అని. చాలా చోట్ల ఒడ్డు నుంచి ఇసుక తీసుకెళ్లడం నేరమని తర్వాత తెలిసింది. నేను ఎత్తుకొచ్చింది బీచ్ నుంచి ఇంటికొచ్చాక చెప్పుల్లోంచి, సంచిలోంచి రాలిందే, గ్లాసుడు కూడా లేదు. దాన్ని కడగకుండా కలిపి ఒక చిన్న పలకకి వేశాను. మొదటి రోజు అద్భుతంగా ఉంది. వారం తిరిగేసరికి ముసురు పట్టింది, పలక మీద చెమట పట్టినట్టు తడి మచ్చలు. ఎండ వచ్చాక అవే తెల్లటి బూజులా తేలాయి, గోకితే రంగు పెచ్చులుగా ఊడింది. ఉప్పు నాన్నా. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే తేమ పీల్చుకుని కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అంత కూడా అక్కర్లేదు, 33 శాతం దగ్గరే మొదలుపెడుతుంది. పడవని ఇరవై ఏళ్లు తిన్నదే నా పలకని వారంలో తినేసింది. అసలుదే కావాలని పంతం పడితే అసలుదే వచ్చింది, ఏం చేస్తాం.

కాబట్టి ఇసుక కలపాలనుకుంటే సన్నగా జల్లించి, మంచినీళ్లలో నాలుగైదుసార్లు కడిగి, పూర్తిగా ఎండబెట్టింది వాడు. నాలుగు పాళ్లు రంగుకి ఒక పాలు మించొద్దు. ఎక్కువైతే ఇసుక రేణువులను పట్టుకునేంత జిగురు రంగులో మిగలదు, ముట్టుకుంటే రాలుతుంది. నా బల్ల మీద సోడా ముద్దలోనే రెండు చెంచాలు కలిపాను.

ఇప్పుడు వెయ్యడం. ఈ రంగుని కుంచెతో లాగకూడదు, తట్టాలి. నువ్వు పారెయ్యకుండా డబ్బాలో దాచుకున్న గట్టిపడ్డ కుంచెలున్నాయి చూడు, వాటికి ఇన్నేళ్లకు పని దొరికింది. ముద్దని కుంచె కొసన తీసుకుని చెక్క మీద తట్టి పైకి లాగుతుంటే చిన్న చిన్న ముళ్లలాంటి కొసలు లేస్తాయి. అన్నిచోట్లా ఒకే మందంలో వద్దు. ఒకచోట గుట్టగా, ఒకచోట అడుగు రంగు కనిపించేలా పలచగా. పది పదిహేను నిమిషాలాగి, కొసలు కాస్త బిగిశాక, పొడి కుంచెని పడుకోబెట్టి చెక్క పొడవునా మెల్లిగా ఒక్కసారి నిమురు. ముళ్లు వంగి అలల్లా పడతాయి. ఈ ఒక్క నిమురుడే మొత్తం పనికి ప్రాణం. ముందే నిమిరితే అంతా చదునైపోతుంది, ఆలస్యమైతే కొసలు విరిగి రాలతాయి. వేలు తగిలిస్తే అంటుకోకుండా, నొక్కితే దిగేలా ఉన్నప్పుడు సరైన సమయం. ఇది నీకు చెప్పనక్కర్లేదు, లప్పం ఆరిందో లేదో నువ్వు వేలితో చూసేది కూడా అలాగే.

మందంగా వేశావు కాబట్టి రాత్రంతా ఆరాలి. ఫ్యాను కింద పెట్టి తొందరపెట్టకు, పైన ఆరి లోపల పచ్చిగా ఉంటే పెద్ద పగుళ్లు వస్తాయి. పగుళ్లే కావాలంటే దానికి వేరే దారి ఉంది. అడుగు రంగు మీద తెల్ల ఫెవికాల్ రాసి, అది ఇంకా జిగటగా ఉండగానే పైన మామూలు ఎమల్షన్ ఒక్క పూతలో వేసెయ్యాలి. జిగురు మందంగా ఉంటే పెద్ద పగుళ్లు, పలచగా ఉంటే సన్నవి. వేసిన చోట మళ్లీ కుంచె పెట్టకూడదు. ఫ్రేముకి ఒక మూల చేస్తే చాలు, అంతా చేస్తే అతి అవుతుంది.

మూడో రంగు పలచగా, మామూలు పూతలాగే. అమ్మకి నచ్చిన లేత నీలం రెండో పొరలో వాడి, పైన తెలుపు వేశాను. కొత్త తెలుపు డబ్బాలోంచి తీసింది తీసినట్టు వెయ్యకు, కళ్లకి కొడుతుంది. ఒక చుక్క గోధుమ, ఒక చుక్క బూడిద కలిపి దాని పొగరు దించు.

ఆరాక ఉప్పు కాగితం. ఈ పనికి ఇంతకంటే తగిన పేరు దొరకదు. ముందు 120, చివర్లో 220. ఎత్తుగా ఉన్న కొసలు ముందు అరుగుతాయి, తెలుపు పోయి నీలం, నీలం పోయి ముదురు రంగు వాటంతట అవే బయటపడతాయి. మైనం రాసిన అంచులు ఊడి వస్తాయి. గుంటల్లో తెలుపు అలాగే ఉండిపోతుంది. పడవ మీద జరిగిందీ ఇదే. నీ చెయ్యి చదును చెయ్యాలని లాగుతుంది, ఆపుకో. అరచేత్తో తడుముతావు ఎలాగూ, ఈసారి గరుగ్గా తగిలితేనే వదిలెయ్యి. మాస్కు పెట్టుకో, ముఖ్యంగా ఇసుక కలిపితే. ఆ సన్నటి ఇసుక దుమ్ము చాలా చెడ్డది. కాగితాన్ని కాస్త తడిపి రుద్దితే దుమ్ము లేవదు గానీ సోడా పూత మీద తడి వద్దు.

పైన మెరుపు లేని క్లియర్ కోటు ఒకటి, నీళ్లదే. నీ వార్నిష్ వేశావంటే మొత్తం పసుపు తిరిగి, మెరిసి, ఇంత కష్టమూ వృథా. రంగు పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా తడిగుడ్డతో తుడవొద్దని అమ్మకి చెప్పు.

అద్దం విప్పి పక్కన పెట్టి పని మొదలుపెట్టు. రాకపోతే అద్దం మీద కాగితం అంటించు. ముందు ఏదైనా చెక్కముక్క మీద ఒకసారి చేసి ఫోటో పంపు. ఎక్కడైనా నునుపుగా ఉంటే ఇక్కడి నుంచే కనిపెట్టేస్తా.

ఇట్లు
నీ చిన్నమ్మాయి

అమ్మా, నాన్న లప్పం డబ్బా తెరవడం చూస్తే వెంటనే మూత పెట్టెయ్యి.